ఆముక్తమాల్యద వర్షర్తువర్ణనము : కాలవిరోధవిచారము

1

ఋతువర్ణనము మహాకావ్యమునకు విహితములైన వర్ణనలలో నొకటి. దండి కావ్యాదర్శమున నగర, సముద్ర, శైల, ఋతు, చంద్రోదయాదులను మహాకావ్యమునం దుండదగిన వర్ణనములుగ పేర్కొనెను. మన ప్రబంధకవులు వానిని పదునెనిమిదిగ లెక్కించి, కథ కవసర మున్నను లేకున్నను, వానికి చోటు కల్పించిరి. అందువలన తెలుగు ప్రబంధములలో వసంతమునకు గాని వర్షమునకు గాని కొఱత లేదు. విద్యార్థులు పరీక్షలకై వ్రాయు వ్యాసములలోను, పరిశోధకులు సమర్పించు సిద్ధాంతగ్రంథములలోను “ప్రకృతివర్ణన” మను ప్రకరణము తప్పక యుండును. ఆ ప్రకరణమున మేఘములు, నెమళ్ళు, మెఱుపులు, విరహిణులు వరుసగ వచ్చుచుందురు. వారిపై కవి చేసిన ఉపమోత్ప్రేక్షలు లెక్కింపబడుచుండును. ఇది నిష్ఫలమైన పని యని మేము చెప్పము. కాని యింతటితో ఋతువర్ణనవిమర్శ ముగిసినదని యొప్పుకొనుటకు మాకు మనసు రాదు.

కారణ మిది. మహాకావ్యమున ఋతువు నుండవలెనని శాసించిన దండియే కావ్యదోషములను పరిగణించునపుడు దేశవిరోధమును, కాలవిరోధమును దోషములలో చేర్చెను. రాత్రివేళ తామరలు విచ్చినవని చెప్పుట కాలవిరోధము. వేసవిదినములు మబ్బు మూసి చీకటులైనవని వర్ణించుటయు నట్టిదే. అనగా, కవి తప్పు చేయవచ్చును గాని ఋతువు తప్పు చేయదు అను విశ్వాస మీ లక్షణమునకు పునాది. ఋతువు ప్రమాణము, వర్ణనము ప్రమేయము. నేడు మన యెదుట నున్న ప్రశ్న తలక్రిందులైనది. ఋతువే తన కాలమును తప్పినచో వర్ణనమును దేనితో తూచవలెను? మబ్బు మూసిన వేసవి కవి దోషమా, లేక కాలము దోషమా?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకై మేము శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలోని వర్షర్తువర్ణనమును, దానికి సంబంధించిన మఱికొన్ని ఘట్టములను పరిశీలింప బూనితిమి. పరిశీలనకు నిలుచు చోటుగ మన్ననూరును గ్రహించితిమి. హైదరాబాదు నుండి శ్రీశైలమునకు పోవు దారిలో నల్లమల యడవికి వాకిలివంటి దీ గ్రామము. అమ్రాబాదు పీఠభూమిపై నాగరుకర్నూలు జిల్లాలో నున్నది. చెంచుల యభివృద్ధికై యేర్పడిన సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థకు నెలవైనది. ఇట నొకవైపు మైదానపు సేద్యము, మఱియొకవైపు అడవి. ఋతువుపై నాధారపడు రెండు జీవనవిధానము లొకేచోట కనబడును గనుక, కావ్యమున ఋతువును చదువువారి కిది తగిన స్థలము.

2

ముందుగ ఋతుభంగ మను మాటను సడలుగా వాడకుండుట కొక హెచ్చరిక యవసరము. మన సేద్యగాండ్రు వానలను నెలలతో గాక కార్తెలతో లెక్కింతురు. సూర్యుడొక నక్షత్రమున నుండు పదుమూడు పదునాలుగు దినముల కాలము కార్తె. మృగశిర జూన్ 8 ప్రాంతమున, ఆర్ద్ర జూన్ 22 ప్రాంతమున ప్రవేశించును. ఈ లెక్క నక్షత్రముల ననుసరించునది. ఋతువు లయనముల ననుసరించునవి. అయనచలనము వలన రెంటికిని సుమారు 70 సంవత్సరముల కొక దినము చొప్పున ఎడము పెరుగుచుండును. రాయలు కావ్యము రచించిన 16వ శతాబ్ది తొలిపాదము నుండి నేటివఱకు నది ఇంచుమించు ఏడు దినములు. కావున పాతసామెత నేడు కొంత తప్పినట్లు తోచినచో, అందులో నొక భాగము వాతావరణమునకు గాక పంచాంగమునకు చెల్లును. ఈ వివేకము లేనిదే పాతకావ్యమును చూపి కాలము చెడినదనుట పండితులకు తగదు.

అయినను పంచాంగము చెప్పజాలని విషయములు కలవు. నైఋతి ఋతుపవనము 2023లో జూన్ 8వ తేదీన కేరళమును చేరెను. 2025లో మే 24వ తేదీననే చేరెను. ఈ రెండు సంవత్సరముల నడిమి యెడము పదునైదు దినములు. అనగా నొక కార్తెకు మించినది. ఆ 2023లోనే మార్చి నెలలో తెలంగాణమున వడగండ్లు కురిసి కోతకు రావలసిన పంటలను, మామిడితోటలను దెబ్బతీసెను. ఆగష్టు మాసము, 1901 నుండి లెక్కలున్న కాలమంతటిలో, దేశమున కెల్ల అత్యల్పవర్షము గల ఆగష్టు ఆయెను. వేసవిలో వాన, శ్రావణములో ఎండ! దండి చెప్పిన కాలవిరోధమునకు రెండు ఉదాహరణములు నొకే సంవత్సరమున దొరికినవి. అంతకు ముందు 2009లో దేశమున ఋతుపవనవర్షము 22 శాతము తగ్గి, కఱవు వచ్చినదని యెల్లరు నిశ్చయించుకొన్న పిదప, అక్టోబరు మొదటి దినములలో కృష్ణా తుంగభద్రలు పొంగి అలంపురము, కర్నూలు నీట మునిగెను. అప్పుడు శ్రీశైలజలాశయమునకు వచ్చిన ప్రవాహము సుమారు 25 లక్షల క్యూసెక్కులు. కఱవు, వరద యొకే సంవత్సరమున నొకే సీమను బాధించుట నాడు ప్రత్యక్షమైనది.

సంవత్సరమునకు సంవత్సరమునకు వానలలో భేద ముండుట క్రొత్త కాదు. క్రొత్తయైనది, భూమి సగటు ఉష్ణము పారిశ్రామికయుగారంభము కంటె ఒక డిగ్రీకి పైగా పెరిగి, ఆ భేదమును మఱింత తీవ్రము చేయుచుండుట. ఇంతవఱకు శాస్త్రజ్ఞుల మాట. ఇక సాహిత్యవిద్యార్థి గమనింపదగిన విశేష మొకటి కలదు. కార్తెలకు సంబంధించిన సామెతలలో పెక్కు చేదర్థకమున నుండును: ఫలాని కార్తె కురిసినచో ఫలాని పంట, కురియకున్నచో ఫలాని నష్టము. వాన వచ్చునని సామెత ప్రతిజ్ఞ చేయదు. వచ్చినచో ఏమి, రాకున్నచో ఏమి యని రెండు దారులు చూపును. కావ్యములలోని సామాన్యఋతువర్ణన మట్లు కాదు. అది తద్ధర్మార్థకమున నడచును: మేఘములు గర్జించును, నెమళ్ళాడును, కడిమి పూచును. సామెత సంశయము నెఱిగినది; వర్ణన మెఱుగనిది. పొలమున నిలిచినవాని వ్యాకరణము వేఱు, సభలో నిలిచినవాని వ్యాకరణము వేఱు.

3

ఈ రెంటిలో దేనికిని పూర్తిగ చెందక నిలిచినది ఆముక్తమాల్యదలోని వర్షర్తువు. చతుర్థాశ్వాసమున యామునాచార్యుని కథలో వచ్చు నీ వర్ణనము సుదీర్ఘమైనది. అందు మేఘములు, మెఱుపులు, హంసలు లేకపోలేదు. రాయల ఊహలలోని క్లిష్టతయు లేకపోలేదు. కాని విమర్శకులనేకులను ఆకర్షించినవి మఱికొన్ని పద్యములు. వానిలో నొకదానిని మాటలలో వివరింతుము.

జడివాన పట్టినది. రెడ్లు పొలములలోని తమ గుడిసెలను చేరినారు. గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిసాకు, వానితో చింతచిగురు కలిపి నూనెలో పొరటినారు. ఆ కూరతో ఆరిక యన్నమును కడుపార తినినారు. పసులు మేతకు పోయినవి. ఇంటనున్న లేగలు వచ్చి మేనులు నాకుచున్నవి. మేకయెరువు నిప్పుల కుంపటి వెచ్చదన మిచ్చుచున్నది. అట్టి మంచమెక్కి, లోకమునకు ప్రభువులము మేమే యన్నట్లు వారు సుఖించినారు. ఇంతే పద్యార్థము. ఇందొక యలంకారమును పట్టి చూపుడన్నచో, స్వభావోక్తి యని చెప్పి యూరకుండవలసి వచ్చును.

ఈ పద్యమున నున్న వస్తువుల నొక్కొక్కటిగ పరిశీలింతము. గురుగు మన గునుగు. తెలంగాణమున బతుకమ్మను పేర్చు పువ్వు దీనిదే. తుమ్మి, చెంచలి, తగిరిస యెవరును విత్తినవి కావు. తొలివానలకు చేలగట్ల మీద, చేల నడుమ తమంత తామే మొలచునవి. సేద్యగాడు వానిని కలుపనును. ఆకలిగొన్నవాడు కూర యనును. ఆరిక, సారము తక్కువైన నేలలో నిలుచు చిఱుధాన్యము. మేకయెరువు పశుపాలనమున మిగులునది. మంట లేక మెల్లగ రగులునది. ఈ భోజనమున సంతనుండి తెచ్చినది, నూనెను మినహాయించినచో, ఏదియు కనబడదు. నేడు “సుస్థిరజీవన” మను సమాసముతో మనము చెప్పదలచుకొన్నదానిని, ఆ సమాస మెఱుగని కవి యొక సాయంకాలపు భోజనముగ చూపినాడు. గమనింపదగిన దింకొకటి: పద్యము భూతార్థకక్రియతో ముగియును. అది ఋతుధర్మమును చెప్పుట లేదు. ఒకనాడు జరిగినదానిని చెప్పుచున్నది. మీద మేము చెప్పిన తద్ధర్మార్థకమునకు, చేదర్థకమునకు నడుమ మూడవ మార్గ మిది. వర్ణనము వృత్తాంత మగుట.

ప్రథమాశ్వాసమున విష్ణుచిత్తుని యతిథిసత్కారమును చెప్పు పద్యమును దీని ప్రక్కన నుంచి చదువవలెను. ఆకాశము నీటిబుగ్గయై జడిపట్టిన దినములలో ఆ భాగవతుడు పొగరాని కొబ్బరిచెఱకుతో వంట చేయించి, కలమాన్నము, ఒలిచిన పప్పు, నాలుగైదు వేపుడు కూరలు, ఒడియములు, వరుగులు, పెరుగు పెట్టెనట. సామాన్యపాఠకుడిందు రుచిని చూచును. మేము కాలమును చూచుచున్నాము. ఒడియములు, వరుగులు వానకాలపు వస్తువులు కావు. అవి వేసవియెండలో ఎండినవి. ఆ వంటచెఱకు ఎండినదియు వేసవియెండలోనే. అనగా, విష్ణుచిత్తుని వర్షకాలభోజనము గ్రీష్మము దాచి యిచ్చిన ధనము.

చతుర్థాశ్వాసములోని వర్షమునందే ఇంకొక యిల్లును కలదు. అక్కడ నిప్పు లేదు. గృహిణి నిప్పుకై యిల్లిల్లు తిరుగును, దొరికిన కొంచెమును తెచ్చి తడిసిన కట్టెలపై నుంచి యూదును, పొగ నిండును, కండ్లు మండును, వంట కాదు. ఈ యింటికిని, విష్ణుచిత్తుని యింటికిని వాన యొక్కటే. భేదము వేసవిలో నున్నది. ఒకరు దాచుకొనిరి, మఱియొకరికి దాచుకొను కలిమి లేకపోయెను.

మా వాదమునకు మూలసూత్ర మిక్కడ దొరకినది. ప్రబంధములలో ఋతువులు వరుసగ నిలిచిన ఆఱు చిత్రపటములు. ఒకదాని కొకటితో పని లేదు. వసుచరిత్రలోని వసంత మెంతటి శ్రుతిమధురమైనను, ఆ వసంతము దాని ముందరి శిశిరమునకు గాని వెనుకటి గ్రీష్మమునకు గాని ఋణపడినట్లు కనబడదు. ఆముక్తమాల్యదలో ఋతువు లొకదాని కొకటి ఋణపడి యున్నవి. వాన వేసవి నారగించును. వేసవి వానను త్రాగును. జీవనము నిలుచునది యే యొక్క ఋతువు సౌందర్యము మీదను గాదు, ఈ యిచ్చిపుచ్చుకొనుట మీద. ఈ గొలుసు తెగుటయే నిజమైన కాలవిరోధము. చైత్రమున వడగండ్లు కురిసినచో చెడునది చైత్రము మాత్రమే కాదు. కళ్ళములో నెండుచున్న మిరపకాయలు, మిద్దెమీది వరుగులు, కట్టెలు, అనగా రాబోవు శ్రావణము కూడ చెడును.

4

ఇంతవఱకు చెప్పినది స్తుతి. విమర్శ స్తుతితో ముగియరాదు. రాయల వర్షర్తువుపై మూడు ఆక్షేపణలు చెప్పదగియున్నవి.

మొదటిది దేశవిరోధము. కథ నడచుచున్నది పాండ్యదేశమున. ఆ దేశమున ముఖ్యవర్షము ఈశాన్య ఋతుపవనము వలన ఆశ్వయుజ కార్తికములలో వచ్చును. కావ్యమున కురిసిన జడియో, ఆరిక యన్నమును తిను రెడ్ల పొలములపై కురిసినది. అది దక్కను పీఠభూమి వాన. లక్షణము ననుసరించినచో ఇది దోషమే. కాని విరోధములన్నియు కవికౌశలము వలన నొక్కొక్కప్పుడు దోషములు కాక గుణములగునని దండియే యనుమతించెను. రాయలు తా నెఱుగని మధుర వానను కవిసమయములతో కల్పించుట కంటె, తా నెఱిగిన వానను మధురకు తీసికొనిపోవుట మేలయ్యెను. ఈ దోషము వలననే మనకు 16వ శతాబ్దపు తెలుగువాన దక్కినది.

రెండవ యాక్షేపణ బలమైనది. రెడ్ల సుఖమును చూచిన కవికి, ఆ పొలమున వానలో నాట్లు వేసిన కూలివారెట్లు తినిరో చెప్పవలెనని తోచలేదు. నిప్పు లేని గృహిణిని చూచినాడు గాని, ఆ చూపులో కరుణతోపాటు కొంత వినోదము కూడ కలదు. మితజీవనము వేఱు, లేమి వేఱు. మంచమెక్కి ప్రభుత్వమును భావించువాని యాకుకూర రుచిగ నుండును. వేఱేమియు లేక తినువాని యాకుకూర కారుచి యుండనక్కఱలేదు. ఈ భేదమును గుర్తింపక పూర్వులందఱు పొదుపుగ జీవించిరని చెప్పు వ్యాసములు ఇటీవల పెరుగుచున్నవి. కావ్యమే వాని నంగీకరించుట లేదు.

మూడవది అడవికి సంబంధించినది. మన్ననూరున నిలిచి చదువువారికి తప్పక తోచునది. ఆ చతుర్థాశ్వాసముననే రాజనీతి కలదు. చెఱువులు కాలువలు త్రవ్వించి, పేదలకు పన్నులలో సడలింపు చూపి దేశమును వృద్ధిచేయవలెనని రాయలు చెప్పెను. ఇది ఋతుజ్ఞానము గల రాజు మాట. వనపర్తి సంస్థానమున సప్తసముద్రములని పేరు పొందిన చెఱువు లిట్టి నీతికి ఈ సీమలోని సాక్ష్యములు. కాని యదే నీతిలో, రాజ్యపు సరిహద్దులయందలి యడవులను పెంచవలెననియు, నడిదేశపు అడవులను దొంగలబాధ లేకుండ నఱికింపవలెననియు కలదు. అడవిజనుల విషయమున కవి చెప్పినది, వారిని విశ్వాసముతో లోబఱచుకొను నుపాయము. అనగా రాజునకు అడవి యొక కోటగోడ, లేదా దొంగల దాగుడుచోటు. పొలములోని తుమ్మికూరను గుర్తించిన కన్ను అడవిలోని గడ్డను గుర్తింపలేదు. ఋతువుల గొలుసు పొలిమేర దగ్గఱ ఆగిపోయినది.

5

పొలిమేర దాటినచో ఏమున్నది? సాహిత్యము మన కిచ్చినది చెంచిత. అహోబలనృసింహుడు వరించిన యా కన్య యక్షగానములలో వెలసినది. గరుడాచలమను యక్షగాన మీ కథకు ప్రసిద్ధి కెక్కినది. ఆమెయే 1943లోను, 1958లోను చెంచులక్ష్మి యను చలనచిత్రములకు నాయిక యైనది. నెమలియీకలు, పూసలు, విల్లు, పాటలు అన్నియు నామెకు కలవు. ఆమె వానకాలమున నేమి తినెనో యెవ్వరును చెప్పలేదు. శృంగారమునకు ఆలంబనమైన వ్యక్తికి ఆకలి యుండరాదను నియమ మొకటి మన కవుల మనసులలో నుండెనేమో యని తోచును.

ఆ లోపమును పూరించినది కావ్యము కాదు, ఒక మానవశాస్త్రగ్రంథము. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అను ఆస్ట్రియాదేశీయుడు 1940లో అమ్రాబాదు పీఠభూమిపై చెంచుల పెంటలలో నుండి వారి జీవనమును పరిశీలించి, 1943లో చెంచులను గుఱించి యాంగ్లమున గ్రంథమును ప్రకటించెను. అందు త్రవ్వుగోలతో గడ్డలు తీయుట, తేనె దించుట, ఇప్పపూవు నేరుట, చింతపండును బూడిదతో కలిపి తినుట మొదలగునవి ఋతుక్రమమున కలవు. వేసవిలో నీరున్న చోటులను వెదకికొని కదలుట, వానలలో పెంటల గుడిసెలకు తిరిగివచ్చుట కూడ అందు కానవచ్చును. కావ్యలక్షణము ననుసరించి వ్రాయకపోయినను, ఇది మన కాలమున వెలసిన ప్రామాణిక ఋతువర్ణనములలో నొకటి యని మేము నిస్సంకోచముగ చెప్పుచున్నాము.

ఆ గ్రంథమున మా వాదమునకు పరీక్ష పెట్టు విషయ మొకటి కలదు. చెంచులు నాడు చాలవఱకు ఏనాటి కానాడు సంపాదించుకొని తినువారు. రేపటికై దాచు అలవాటు వారికి తక్కువ. విష్ణుచిత్తునివలె వరుగులు, ఒడియములు వారికి లేవు. అట్లయిన ఋతువుల గొలుసు వారికి లేదా? కలదు. దానిని వారింటిలో గాక అడవిలో చూడవలెను. గడ్డ నేలలో నుండును; తేనె కొండచఱియలో నుండును; ఇప్పచెట్టు వసంతగ్రీష్మముల సంధిలో పూచును. దాచుపని యడవి చేయుచున్నది. గాదె వారి గుడిసెలో లేదు గనుక గాదె లేదని యనుకొనుట మైదానపువారి భ్రాంతి. ఈ భ్రాంతి వలననే అడవిని ఖాళీస్థలముగను, అందలివారిని సోమరులుగను భావించుట యలవాటైనది.

ఇందుండి రెండు ఫలితములు వచ్చును. ఒకటి: గాదె అడవియే యైనపుడు ఋతుభంగపు దెబ్బ నడుమ నే యడ్డు లేక తగులును. మార్చి ఏప్రిలు నెలలలో అకాలవర్షము పడినచో ఇప్పపూవు రాలి కుళ్ళును. చెట్లనుండి తీసిన జిగురు చెడును. తేనెటీగలకు పూత కొఱవడును. కొల్లాపురపు మామిడిరైతునకు నష్టము లెక్కించుటకు పట్టా యున్నది. ఇప్పచెట్టు క్రింద రాలినదానికి లెక్క యెవరు వ్రాయుదురు? రెండు: ఆ గాదెకు తాళము వేయు నధికార మితరుల చేతిలోనికి పోయినచో, మితజీవనము లేమిగ మారుటకు దినములు పట్టవు. వన్యప్రాణులకై యీ యడవి 1978లో అభయారణ్యమయ్యెను. 1983లో నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల సంరక్షణకేంద్రమయ్యెను. రాష్ట్రవిభజనానంతరము కృష్ణ కుత్తరభాగము అమ్రాబాదు పులుల సంరక్షణకేంద్రముగ వేఱుపడెను. పులిని కాపాడుట ధర్మమే. కాని అడవి నడిమి పెంటలు కదలవలెనా నిలువవలెనా యను చర్చ జరుగునపుడు, ఆ యడవి యొకరి యిల్లు మాత్రమే కాదు, వారి వర్షకాలపు గాదె కూడ నని తెలిసి మాటలాడవలెను.

మేము చెంచుజీవనమును అనుకరింపవలసిన ఆదర్శముగ నిలుపుట లేదు. ఆకలి, అనారోగ్యము, అప్పులు అందు కలవని యెఱిగియే చెప్పుచున్నాము. లేమిలో నున్నవారిని చూపి, కలిమిలో నున్నవారికి పొదుపును బోధించుట న్యాయము కాదు. వారి జీవనము మనకు నేర్పునది పొదుపు కాదు. గాదె యెక్కడ నున్నదో చూచుకొనుమను ఎఱుక. మన గాదె దూరపు గోదాములోను, మన నిప్పు దూరపు గనిలోను, మన నీరు దూరపు జలాశయములోను ఉన్నపుడు, ఋతువు తప్పిన దెబ్బ మన కాలస్యముగ తగులును, అంతమాత్రమున తగులకపోదు.

6

ఈ పద్ధతిలో కావ్యములను చదువుట మేము కనిపెట్టినది కాదు. ఈ సీమవాడే యైన సురవరము ప్రతాపరెడ్డిగారు మార్గము చూపిరి. 1896లో అలంపురము ప్రాంతమున జన్మించిన వారు, 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధములను ప్రక్కకు నెట్టి, కావ్యములనుండి ప్రజల తిండి, బట్ట, ఆటలు, అంగళ్ళు వెలికితీసిరి. ఆముక్తమాల్యద వారికి గని వంటిదయ్యెను. 1955లో కేంద్రసాహిత్య అకాడమీ తెలుగున కిచ్చిన మొదటి పురస్కార మా గ్రంథమునకే లభించెను. కావ్యమును అలంకారముల పెట్టెగ గాక జీవనపు దస్తావేజుగ చదువవచ్చునని తెలుగువిశ్వవిద్యాలయశాఖలు వారినుండి నేర్చినవి.

అయినను వారి గ్రంథము చాళుక్య, కాకతీయ, రెడ్డి, విజయనగర యుగములుగ విభక్తమైనది. కాల మచట రాజవంశములతో కొలువబడినది. ఋతువు నొక ప్రత్యేకమైన యాధారముగ గ్రహించి, ఏ ఋతువున ఏమి తినిరి, ఏ ఋతువు కొఱకు ఏ ఋతువున ఏమి దాచిరి యని కావ్యములను, సామెతలను, పాటలను వరుసగ పరిశీలించు పని మిగిలియున్నది. ఆ పని పూనువారికి మూడు సూచనలు చేయుదుము. ప్రతి వర్ణనమును దేశకాలములతో పోల్చి చూడవలెను. అందు కవిసమయ మేది, కవి కన్నులార చూచిన దేది యని వేఱుచేయవలెను. అయనచలనమును లెక్కింపక కార్తెలనుగుఱించి తీర్పు చెప్పరాదు. అన్నిటికంటె ముఖ్యముగ, ఆకుల పేరులను నిఘంటువులో చూచి తృప్తిపడక, పొలమున చూచి రావలెను. తగిరిస యన నొక చెట్టు అని వ్రాసి యూరకుండు వ్యాఖ్యానము వలన ఆ పద్యము సగము చచ్చిపోవుచున్నది. జహీరాబాదు ప్రాంతమున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన సంఘములలోని స్త్రీలు, విత్తకయే మొలచు నిట్టి యాకుకూరలను గుర్తించి, చిఱుధాన్యములను మరల విత్తి, కాపాడుచున్నారు. ఆ పద్యమునకు మన పండితుల కంటె వారు మంచి వ్యాఖ్యాతలు కాగలరు. ఐక్యరాజ్యసమితి 2023ను చిఱుధాన్యముల సంవత్సరముగ ప్రకటించినపుడు పెద్దసభలు జరిగినవి. ఆరికను మంచముపై తిని సుఖించిన రెడ్లు మాత్రము మన తరగతిగదులలో వ్యాకరణవిశేషములకే పరిమితులై యుండిరి.

దండి మాటతో నారంభించితిమి. ఆ దండి మాటతోనే ముగింతుము. కాలవిరోధము గుణముగ మారుట కాయన యిచ్చిన యుదాహరణ మొకటి కలదు. రాజుల వినాశమును సూచించుచు వీచిన కఠినమైన గాలి, వానకాలపు కడిమిపుప్పొడిని, శరత్కాలపు ఏడాకుల యనటి పూవులను ఒక్కసారిగ కదలించెనట. రెండు ఋతువుల పూవులు కలియుట దోషము. కాని యది యుత్పాతమును తెలుపునపుడు గుణము. ప్రాచీనలాక్షణికునికి ఋతువు తప్పుట ఊహలో మాత్రమే సాధ్యము. అదియు రాజులకు మాత్రమే హెచ్చరిక. నేడు మబ్బు మూసిన వేసవిని మేము చూచితిమి. ఎండిన శ్రావణమును చూచితిమి. ఇక వానిని వర్ణించు కవి కాలవిరోధదోషమునకు గుఱికాడు. దానిని చదివియు, హెచ్చరిక యెవరికని యడుగక, ఉత్ప్రేక్షలను లెక్కించి పుస్తకము మూసిన విమర్శకునిదే దోషము.